గెలాక్సీల తూకం చూడ్డానికి పల్నాడు వెళ్ళొచ్చాను

నేను ముప్పయ్యేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. కూరగాయల బండి దగ్గర తక్కెడ ముల్లు చూడకుండా నేను వంకాయలు కొనలేను. పాలు పోసేవాడి కొలగిన్నె అడుగు వేలితో తడిమి గానీ ఊరుకోను. నా సంచీలో ఒక కిలో ఇత్తడి గుండు ఎప్పుడూ ఉంటుంది. నాతో బజారుకి రావడం మా ఆవిడ ఏనాడో మానేసింది.

ఇలాంటివాడికి రెండువేల మూడు ఫిబ్రవరిలో కోటయ్య బావ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బావ అంటే మా అక్క మొగుడు. సత్తెనపల్లి దాటాక ఒక ఊళ్ళో మిర్చి కొని గుంటూరు పంపే వ్యాపారం ఆయనది, ఆ ఊరి ఎయిడెడ్ హైస్కూలుకి కరస్పాండెంటు కూడా ఆయనే. "అప్పయ్యా, మా సైన్సు టీచరమ్మ పిల్లలకి లేనిపోనివి చెబుతోంది. ఆకాశంలో గెలాక్సీల గుంపుల్ని ఎవరో తూచారట. కనిపించేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ బరువు తేలిందట. ఆ ఎక్కువ బరువు కంటికి కనపడదట! తల్లిదండ్రులు అర్జీ పెట్టారు. శనివారం పదింటికి మీటింగు. నువ్వు తూకం తెలిసిన గవర్నమెంటు మనిషివి. వచ్చి విని, ఇది దొంగ తూకం అని ఒక కాగితం రాసివ్వు. ఆమెను సాగనంపుతాను."

ఉత్తరం చదవగానే నాకు టీచరమ్మ మీదే అనుమానం వచ్చింది. నా సర్వీసులో కాటా తేడా వచ్చిన ప్రతిచోటా తక్కువే తేలింది. ఎక్కువ తేలిందని చెప్పినవాడు ఒక్కడు లేడు. గురువారం పొద్దున్నే గొడుగూ సంచీ తీసుకుని పొన్నూరులో బస్సెక్కాను.

గుంటూరు యార్డులో తుమ్ములు

పొన్నూరు నుంచి గుంటూరు దాకా దారికి రెండు పక్కలా మాగాణే, చూడ్డానికి కొత్తేమీ లేదు. గుంటూరులో సత్తెనపల్లి బస్సుకి టైముందని మిర్చి యార్డుకి వెళ్ళాను. పని లేకపోయినా కాళ్ళు అటే లాగుతాయి. ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి ఒక సలహా: ఫిబ్రవరిలో యార్డుకి వెళ్తే ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి. నేను కట్టుకోలేదు. గేటు దగ్గర మొదలైన తుమ్ములు పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేశాను. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం ఆ ఘాటులోనే అన్నం తింటారు, కునుకూ తీస్తారు.

టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ ఒకతను నన్ను గుర్తుపట్టాడు.

"ఏం సార్, రిటైరైపోయారన్నారు, మళ్ళీ వచ్చారేంటి?"

"ఊరికే వచ్చానులే. ఆ మోసేది ఎంతుంది? నలభై ఎనిమిది ఉంటుందా?"

అతను దించి కాటా మీద పెట్టాడు. నలభై ఏడున్నర. "మీ కళ్ళల్లో కాటాలున్నాయి సార్!" అని పెద్దగా నవ్వాడు.

కళ్ళల్లో ఏమీ లేదు. బస్తా సైజు చూస్తే నలభై రెండుకి మించకూడదు. మనిషి నడక మాత్రం అలా లేదు. మోకాలు వంగే తీరు, అడుగు పడే జోరు వేరే లెక్క చెబుతున్నాయి. సైజుకీ నడకకీ పొత్తు కుదరకపోతే లోపల కనపడనిది ఏదో ఉన్నట్టే. మిర్చిలో అయితే అది నీళ్ళు. తూకం పెరగాలని రాత్రిపూట చల్లుతారు. బస్తా మూతి విప్పించి నాలుగు కాయలు నలిపాను. పైన గలగలలాడుతున్నాయి, లోపల మెత్తగా తడి. బస్తా తెచ్చిన రైతు నా మొహం చూడలేక అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. నాకిప్పుడు అధికారం లేదు కాబట్టి ఏమీ అనలేదు గానీ, కనిపెట్టానన్న సంతోషం మాత్రం సత్తెనపల్లి దాకా ఉంది.

సత్తెనపల్లిలో నా బరువు

బస్సులో చిన్న గొడవైంది. కండక్టరు నా సంచీ పక్కకి జరపబోయి, బరువు తగిలేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంటండి ఇందులో? గుండ్రంగా, ఇనుములాగా తగుల్తోంది!"

పల్నాడు బస్సుల్లో గుండ్రంగా ఉన్న వస్తువుకి ఒకటే అర్థం, నాటుబాంబు. వెనక సీట్లో ముగ్గురు లేచి నిలబడ్డారు. నేను ఇత్తడి గుండు తీసి, దాని మీద ప్రభుత్వ ముద్ర చూపించి, నేనెవరో చెప్పాల్సొచ్చింది. "కూరగాయలకి గుండు వెంట తెచ్చుకునేవాణ్ణి నిన్నే చూశా పెద్దాయనా" అంది ఒకావిడ. మిగిలిన దారంతా ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

సత్తెనపల్లి నా చివరి పోస్టింగు. అక్కడ మస్తాన్ అని కాటాలు బాగుచేసే మిస్త్రీ ఉన్నాడు. నాకు నమ్మకమున్న మనుషులు తక్కువ, వాళ్ళల్లో మస్తాన్ ఒకడు. అందుకు కారణముంది. సర్వీసులో నాదొక పద్ధతి ఉండేది. కాటాని తర్వాత చూసేవాణ్ణి, ముందు కాటావాణ్ణి చూసేవాణ్ణి. మామూలు మనిషిలా సరుకు కొనడానికి వెళ్ళి, కొట్టువాడికే లాభం వచ్చేలా తూకంలో ఒక పొరపాటు దొర్లించేవాణ్ణి. వాడు చూసీ చూడనట్టు ఊరుకుంటే వాడి కొట్టంతా వెతకాల్సిందే. "అయ్యా, మీరు నష్టపోతున్నారు" అని వాడే చెబితే ఇక వెతకక్కర్లేదు. ముప్పయ్యేళ్ళలో అలా చెప్పినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు అప్పట్లో కిరాణా కొట్లో పనిచేసే మస్తాన్.

అతని షాపులో ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన వాళ్ళెవరైనా సరే ముందు ప్లాట్‌ఫారం కాటా ఎక్కాలి. బరువు సుద్దముక్కతో గోడ మీద రాస్తాడు. టీ తర్వాతే.

"అరవై రెండు సార్. పోయినేడాది అరవై. పొన్నూరు అన్నం ఒంటికి పడుతోంది."

టీ రెండు రూపాయలు, గ్లాసు నిండా ఇచ్చారు. గుంటూరులో అదే రెండు రూపాయలకి ముప్పావు గ్లాసే ఇస్తారు. బావ ఉత్తరం సంగతి చెప్పాను.

మస్తాన్ తల గోక్కున్నాడు. "గెలాక్సీల సంగతి నాకు తెలీదు సార్. కోటయ్యగారి కాటా మాత్రం ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. చుట్టుపక్కల నలభై ఊళ్ళ కాటాలు నా చేతిమీదుగా పోయాయి, అదొక్కటి తప్ప."

"మా బావ వస్తువుని జాగ్రత్తగా వాడతాడు" అన్నాను గర్వంగా. మస్తాన్ నాకొక టీ ఎక్కువ తెప్పించాడు.

లాడ్జిలో గది వంద రూపాయలు, దోమలు ఉచితం.

చింపిన పేజీ

శుక్రవారం పొద్దున ఊరు చేరాను. ఊరి పేరు రాయను. నల్లరేగడి నేల, కనుచూపు మేర పత్తి మోళ్ళు, మధ్యమధ్య ఎర్రగా మిర్చి కల్లాలు. మా డెల్టాలో ఇంటి వెనకే కాలవ ఉంటుంది. ఇక్కడ బిందెలు వరసలో పెట్టుకుని ట్యాంకరు కోసం చూస్తున్నారు. మా అక్క నాకు కాళ్ళు కడుక్కోవడానికి చెంబు నీళ్ళు ఇచ్చి, "చూసి పోసుకో" అంది. భోజనంలో పండుమిరప పచ్చడి, గోంగూర, వేడన్నం, నెయ్యి. పొన్నూరులో మేం అన్నంలో కారం కలుపుకుంటాం, ఇక్కడ కారంలో అన్నం కలుపుకుంటారు. రెండో ముద్దకే నా తల మీద చెమట పట్టింది. బావ నవ్వుతూ నా విస్తట్లో మరో గరిటె నెయ్యి వేశాడు.

"ఎక్కువ వినక్కర్లేదోయ్. ఓ అరగంట కూర్చుని వచ్చెయ్. కాగితం నేనే టైపు చేయించి పెట్టా, నువ్వు సంతకం పెడితే చాలు."

సలోమి టీచరు ముప్పై అయిదేళ్ళ మనిషి. నూలు చీర, భుజాన గుడ్డసంచీ. నేనెందుకు వచ్చానో ఆమెకి తెలుసు. తెలిసి కూడా నాకు కుర్చీ వేయించి, పదో తరగతి పాఠం నా ముందే మొదలుపెట్టింది. నేను జేబులోంచి డైరీ తీశాను. ఎక్కడ తడబడుతుందా అని కాచుకుని కూర్చున్నాను.

"మన సూర్యుడిలాంటివి వేల కోట్లు కలిస్తే ఒక గెలాక్సీ" అంది పిల్లలతో. "ఆ గెలాక్సీలు వందలూ వేలూ కలిసి గుంపులుగా ఉంటాయి. కన్యారాశి వైపు అలాంటి గుంపొకటి ఉంది. గుంపులో ఏదీ ఒకచోట నిలబడదు. ఒకదాని కంటే ఒకటి సెకనుకి వందల కిలోమీటర్లు, కొన్ని వెయ్యికి పైన, అటూ ఇటూ పరుగెడుతుంటాయి. గుంపు మధ్యలోకి పడతాయి, అవతలికి పోతాయి, మళ్ళీ వెనక్కి లాగబడతాయి. అంత జోరుగా పోయేవాటిని గుంపులో పట్టి ఉంచాలంటే ఎంత బరువు కావాలో లెక్క కట్టారు. కనిపించే గెలాక్సీలన్నిటినీ కూడితే ఆ బరువు రాలేదు. వాటి మధ్య కాగుతున్న వాయువుని కూడా కలిపారు. అయినా చాలలేదు. ఆ బరువు లేకపోతే గుంపు ఎప్పుడో చెదిరిపోవాలి. చెదరలేదు."

నేను చెయ్యెత్తాను. "వేగం ఎలా కొలిచారమ్మా? ఎవరైనా వెంట పరుగెత్తారా?"

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. "వెలుగుని పట్టకంలోంచి పంపితే రంగుల పట్టీలో సన్నటి నల్లగీతలు కనబడతాయండి. మనవైపు వచ్చేదాని గీతలు నీలం వైపు జరుగుతాయి. దూరంగా పోయేదానివి ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో చూస్తే వేగం తెలుస్తుంది."

"మీరు చూశారా?"

"లేదండి. అంత పెద్ద టెలిస్కోపు నా దగ్గర లేదు. చదివాను."

దొరికింది అనుకున్నాను. "ఎవరో తూచిన తూకాన్ని మీరు నమ్మి పిల్లలకి అంటగడుతున్నారన్నమాట!"

"ఒక్కరే తూచి ఉంటే నేనూ నమ్మనండి. గెలాక్సీల వేగం బట్టి ఒకరు తూచారు. మధ్యలో ఉన్న వాయువు ఎంత వేడిగా ఉందో చూసి ఇంకొకరు తూచారు. గుంపు వెనకనుంచి వచ్చే వెలుగు ఎంత వంగిందో చూసి మరొకరు తూచారు. మూడు కాటాలు, ముగ్గురు మనుషులు. ఇంచుమించు ఒకే బరువు వచ్చింది."

"మరి ఆ కనపడని బరువు ఏమిటి?"

"తెలీదండి."

"పిల్లలకి ఏం చెబుతారు?"

"తెలీదనే చెబుతాను. దాని మీదే కంప్లైంటు. కనపడని బరువు పేరుతో మా దేవుణ్ణి దొంగచాటుగా బోధిస్తున్నానని గుడి తరఫువాళ్ళు అంటున్నారు. నాకు దేవుడంటే నమ్మకం పోయిందని మా చర్చివాళ్ళు అంటున్నారు." ఆమె చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "ఇంట్లో నా జీతమొక్కటేనండి. అయినా తెలిసినట్టు చెప్పలేను."

జాలి కలగబోయింది, ఆపుకున్నాను. జాలిగా మాట్లాడిన వ్యాపారుల్ని ఎందర్ని చూడలేదు? ముందు బెంచీలో పిల్ల దగ్గర నోటుపుస్తకం తీసుకుని తిరగేశాను. మధ్యలో ఒక పేజీ చింపి ఉంది. పక్కదాంట్లో చూశాను, అదే చోట అదే పేజీ లేదు. తరగతిలో ప్రతి పుస్తకంలోనూ అంతే.

"ఇదేమిటి?"

టీచరు తల దించుకుంది. "కరస్పాండెంటుగారు చింపమన్నారండి."

"ఏముంది ఇందులో?"

"పిల్లలు చేసిన చిన్న ప్రయోగమండి. నా నోటితో చెప్పలేను. చెబితే మీ బంధువుల మీద చాడీ చెప్పినట్టుంటుంది."

చింపిన పేజీ అంటే నేరమే, నా అనుభవం అదే చెబుతుంది. డైరీలో దాని కింద రెండు గీతలు కొట్టాను. వెళ్ళబోతుంటే ఆమే పిలిచింది. "రేపు తెల్లవారుజామున నాలుగున్నరకి పెద్ద కల్లం దగ్గరికి రండి. ఆ గుంపులో రెండింటినైనా మీకు చూపిస్తాను. తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు రాయండి."

కల్లంలో

నిద్ర లేవగానే వచ్చిన అనుమానం: చీకట్లో ఏ బల్బో చూపించి గెలాక్సీ అంటుందేమో. అందుకని చెప్పిన టైముకంటే పావుగంట ముందే వెళ్ళాను. కల్లం నిండా మిరపకాయలు, పైన మంచు, చలికి వణుకుతూ కాపలా మంచం మీద మరియమ్మ అనే కూలి మనిషి. పగలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంది, రాత్రి కాపలా ఉంటుంది. ఆమె కూతురు కూడా పదో తరగతే. టీచరు అప్పటికే వచ్చేసింది. ఆమె టెలిస్కోపు చూసి తెల్లబోయాను. బోరుబావికి వేసే ప్లాస్టిక్ పైపు! లోపలి అద్దం నెలల తరబడి పొడితో అరగదీసి తనే చేసుకుందట.

ఆమె గొట్టాన్ని ఉత్తర ఫల్గుణి నక్షత్రానికి కాస్త తూర్పుగా తిప్పి వెతుకుతుంటే నా చేతులు ఊరుకోలేదు. టార్చి వేసి, కుప్పలోంచి నాలుగు కాయలు తీసి నలిపి, తడి ఉందేమో చూశాను. అలవాటు. తర్వాత కళ్ళజోడు తీసి, కన్ను బాగా నలుపుకుని, అద్దానికి ఆనించాను.

అమ్మ బాబోయ్! కంట్లో నిప్పు పెట్టినట్టయింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ నీళ్ళలోంచి చూస్తే గొట్టంలో తెల్లటి మచ్చలు ఈదుతున్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, మధ్యలోకి పడుతూ, బయటికి పోతూ. ఆమె పాఠంలో చెప్పింది చెప్పినట్టే!

"కదులుతున్నాయి!" అని అరిచాను. "నిజమేనమ్మా! కళ్ళారా చూస్తున్నా. కదులుతున్నాయి! రాసిస్తాను, ఇప్పుడే రాసిస్తాను!"

మీటింగుకి ఇంకా అయిదు గంటల టైముంది. ఆమె ఊరుకుంటే చాలు.

"లేదండి" అంది సలోమి టీచరు. "అవి మీ కన్నీళ్ళండి. గెలాక్సీలు కదిలేది మన కంటికి తెలీదు. ఆ గుంపుని ఒక చివర్నుంచి ఇంకో చివరికి దాటడానికి కోట్ల ఏళ్ళు పడుతుంది. మీరు చేత్తో మిరపకాయ నలిపారు. కడుక్కుని రెండో కంటితో చూడండి. కదలవు. కదలనట్టే రాయండి."

మరియమ్మ గబగబా బిందెలోంచి చెంబుడు నీళ్ళు ముంచి నా కళ్ళ మీద పోసింది. తాగడానికి దాచుకున్న నీళ్ళు అవి. రెండో కంటితో చూశాను. నల్లటి చీకట్లో పక్కపక్కన రెండు మసక మచ్చలు, ఊదితే పోయేట్టున్నాయి. బొత్తిగా కదలడం లేదు.

"అందులో ఒకటి మనవైపు వస్తోంది, రెండోది మన నుంచి దూరంగా పోతోంది" అంది టీచరు మెల్లగా. "పక్కపక్కన ఉన్నట్టే కనబడతాయి. గీతలు చూస్తే గానీ పరుగు బయటపడదు."

నేను ఆ మచ్చల్ని చూస్తున్నాను గానీ, కళ్ళ ముందు గుంటూరు హమాలీ మోకాళ్ళు మెదులుతున్నాయి. సైజుకీ నడకకీ పొత్తు కుదరకపోతే లోపల కనపడనిది ఉన్నట్టే. ముప్పయ్యేళ్ళు నేను చేసిందీ ఈ తూకమే కదా. ఆ గుంపుని తూచినవాళ్ళూ మోసే మనిషి నడకే చూశారు. పైగా ఈ మనిషి, తనకి లాభం వచ్చే పొరపాటుని తనే దిద్దింది. సర్వీసు మొత్తంలో ఇద్దరు, ఇప్పుడు రిటైరయ్యాక మూడో మనిషి. నిన్నంతా ఆమెను దొంగలా చూసినందుకు నాకు సిగ్గేసింది. చెప్పేశాను కూడా. ఆమె "ఫర్వాలేదండి" అని గొట్టానికి గుడ్డ చుట్టుకుని బడికి తయారవ్వాలంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు మరియమ్మ దగ్గరికొచ్చింది. "అయ్యా, ఆ అర్జీ మీద నేనూ వేలిముద్రేశా. టీచరమ్మని తీసేస్తారని నాకు తెలీదు. కోటయ్యగారి గుమస్తా కాయితం తెచ్చి వెయ్యమన్నాడు, వేశా. నా పనంతా ఆయన కల్లంలోనేగా."

"గెలాక్సీల సంగతి నీకేం తెలుసు?"

"నాకేం తెలుస్తయ్యి? గొడవంతా పిల్లల తూకం గురించి. చింపిన కాయితం అదే."

ఆమె చెప్పింది విన్నాను. పాఠం అర్థం కావాలని టీచరు పిల్లలకి ఒక ప్రయోగం ఇచ్చిందట. ఆరుగురు పిల్లలు రేషన్ షాపులో విడివిడిగా బరువు చూసుకుని కూడాలి. తర్వాత ఆరుగురూ గుంపుగా ఒకే కాటా ఎక్కాలి. రెండూ సమానం రావాలి, ఆకాశంలో అలా రాలేదు చూడండి అని చెప్పడం ఆమె ఉద్దేశం. ఆరుగురూ ఎక్కగలిగిన కాటా ఊళ్ళో ఒక్కటే, మా బావ గోడౌనులోది. పిల్లలు ఎక్కారు. విడివిడిగా రెండువందల నలభై కేజీలున్న పిల్లలు గుంపుగా రెండువందల ముప్పై అయ్యారు. పాపం, వాళ్ళకి అనుమానమే రాలేదు. ఆకాశంలో గుంపుకి బరువు పెరుగుతుంది, మన ఊళ్ళో గుంపుకి బరువు తగ్గుతుంది అని ముచ్చటగా పుస్తకాల్లో రాసుకున్నారు.

గోడౌను

ఆకాశంలో చుక్కల గురించి ఒక టీచరు ఏదో చెబితే మిర్చి వ్యాపారికి ఇంత తొందరెందుకు? ఉత్తరం రాయడం, అర్జీ పెట్టించడం, కాగితం టైపు చేయించడం! కనపడే కారణానికీ ఆయన పరుగుకీ పొత్తే లేదు. ఈ మాట నిన్ననే తట్టాల్సింది. నెయ్యి అడ్డొచ్చింది.

నేరుగా గోడౌనుకి వెళ్ళి, చెప్పులు విప్పి, ప్లాట్‌ఫారం కాటా ఎక్కాను. ఎక్కకముందు ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఎక్కాక యాభై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. మొన్న మస్తాన్ గోడ మీద అరవై రెండు. మధ్యలో మా అక్క రెండు పూటలు పెట్టిన అన్నానికి పెరగాలే గానీ తగ్గే ప్రశ్నే లేదు. ప్రతి రైతు బస్తాలోంచీ ఆ ముల్లు ఇలాగే మింగుతోంది. దీనికి ముద్ర ఎవడు వేశాడో చూసి వాడి పేరు పైకి రాయాలని కాటా వెనక్కి వంగి, సీసం సీలు మీది ఇన్‌స్పెక్టరు నెంబరు టార్చి వెలుగులో చూశాను.

నా నెంబరే.

నేల మీదే కూర్చుండిపోయాను. రిటైరయ్యే ఏడాది వచ్చాను. ఇదే ఊరు, ఇదే అక్క, ఇదే గోంగూర. "కాటా ఎక్కడికి పోతుందోయ్, ముందు భోంచెయ్" అన్నాడు బావ. భోంచేసి, మంచం మీద ఒక కునుకు తీసి, బస్సుకి టైమవుతోందని ముద్ర కొట్టి వెళ్ళిపోయాను. ఒక్క గుండు పెట్టి చూడలేదు. వంకాయలవాణ్ణి కూడా నమ్మనివాణ్ణి, చూడకుండా ముద్ర కొట్టిన కాటా జీవితం మొత్తంలో ఇదొక్కటే.

బావ ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. "కాటా తప్పంటే ముద్ర తప్పు. ముద్ర నీదేనోయ్ అప్పయ్యా. పెన్షన్ తీసుకుంటున్నావు. ఆలోచించుకో." అంటూ టైపు చేసిన కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

శనివారం పది గంటలకి

బడి వరండా నిండా జనం. టీచరు ఒక మూల నిలబడి ఉంది. బావ లేచి, "మా బావమరిది తూకాల ఆఫీసరు, ఆయన చెబుతారు" అన్నాడు. నేను లేచాను.

"గెలాక్సీల గుంపుని తూచిన పద్ధతి సరైనదే" అన్నాను. "నేను మీ బస్తాల్ని ముప్పయ్యేళ్ళు అలాగే పట్టుకున్నాను. టీచరమ్మ పాఠంలో తప్పు లేదు. తప్పున్నది కోటయ్యగారి కాటాలో. అది అరవై రెండు కేజీల మనిషిని యాభై తొమ్మిదిన్నర అంటోంది. మీ పిల్లలు కనిపెట్టింది అదే, చింపిన పేజీ అదే. ఆ కాటాకి ముద్ర వేసింది నేను. చూడకుండా వేశాను."

తర్వాత జరిగిన గోల రాయలేను. "ఏరా, ఎన్నేళ్ళ నుంచిరా!" అని ఒకాయన మా బావ ముందు పైపంచె విసిరికొట్టాడు. నలుగురు వెళ్ళి కాటాని ఎడ్లబండి మీద వేసుకొచ్చి బడి ముందు దించారు. ఎవరో ఎస్టీడీ బూతుకి పరుగెత్తి మస్తాన్‌కి కబురు చేశారు. గుడి తరఫువాళ్ళూ చర్చి తరఫువాళ్ళూ మొదటిసారి ఒకేవైపు నిలబడి మా బావ వైపు చూశారు. అర్జీ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నం మా అక్క నాకు అన్నం పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. పచ్చడి మాత్రం ఎప్పటిలాగే వేసింది. ఇప్పటికీ మాట్లాడ్డం లేదు. నా తప్పు నేనే శాఖకి రాసి పంపాను, విచారణ జరుగుతోంది, పెన్షన్ ఏమవుతుందో తెలీదు. భయంగానే ఉంది, లేదని అబద్ధమాడను. సలోమి టీచరు అక్కడే పాఠాలు చెబుతోంది.

ఆ రోజు సాయంత్రం బస్సెక్కే ముందు సంగతి ఒక్కటి మిగిలింది. మస్తాన్ వచ్చి కాటా విప్పి, లోపలి మీటలు సరిచేసి, తప్పుకున్నాడు. ఆరుగురు పిల్లలూ ఎక్కారు. జనం మూగారు. ముల్లు రెండువందల నలభై దగ్గర నిలబడగానే అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. పిల్లలు దిగకుండానే కొత్త పేజీలో అంకె వేయించి, సలోమి టీచరు పుస్తకమూ పెన్నూ నా ముందు పెట్టింది.

"మీరు చూశారని ఒక్క సంతకం పెట్టండి సార్."

పెన్ను తీసుకున్నాను. కాగితం దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది.

"ఆగమ్మా" అన్నాను. గొడుగు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, కాటా ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "ముందు పిల్లల్ని దిగమను. మస్తాన్, ఇరవై కేజీల గుండ్లు ఒకటొకటిగా పెట్టు. నా బస్సు పోతే పోయింది."